లేజర్ కొట్టిన టైటానియం నీటిని ఎందుకు తోసేసింది: ఒక డెంటల్ ఇంప్లాంట్ కేసు

డెంటల్ ఇంప్లాంట్లు, అంటే ఊడిన పంటికి బదులు దవడ ఎముకలో బిగించే స్క్రూల మీద లేజర్‌తో గరుకుదనం తెచ్చే జాబ్‌వర్క్ మాది. ఈ కేసులో పార్టీ పేరు, ఇంప్లాంట్ మోడల్, లాట్ వివరాలు తీసేశాను. కొలతలు కూడా విషయం అర్థమయ్యే మేరకే, రౌండ్ చేసి ఇచ్చాను. దీన్ని రాయడానికి కారణం ఒకటుంది. లేజర్ సెట్టింగుల్లో ఒక్కటీ మారలేదు, ఉపరితలం ఆకారం మారలేదు, అయినా సరుకు రిజెక్ట్ అయింది. ఇలాంటి ఫిర్యాదు వస్తే మా ఫీల్డ్‌లో అందరి చెయ్యీ ముందు పవర్ సెట్టింగు మీదికే వెళ్తుంది. కారణం అక్కడ లేనప్పుడు దాన్ని ఎలా వెతికామో వరసగా చెబుతాను.

నేపథ్యం

పార్టీ ఓ మధ్యస్థాయి ఇంప్లాంట్ తయారీదారు. గ్రేడ్ 4 టైటానియం రాడ్ కొని, స్లైడింగ్ హెడ్ లేత్‌ల మీద స్క్రూలుగా తిప్పి మాకు పంపుతారు. గ్రేడ్ 4 మిశ్రమలోహం కాదు, కమర్షియల్‌గా శుద్ధమైన టైటానియమే. ఆక్సిజన్ 0.40 శాతం దాకా ఉండనిస్తారు కాబట్టి శుద్ధ గ్రేడుల్లో ఇదే గట్టిది. మేము థ్రెడ్ల మీద లేజర్ కొట్టి తిరిగి పంపుతాం. ఆ తర్వాత కడగడం, ప్యాకింగ్, గామా స్టెరిలైజేషన్ (గామా కిరణాలతో క్రిములను చంపడం) అన్నీ వాళ్ల వైపు.

1965లో స్వీడన్‌లో, ఈ రంగానికి ఆద్యుడైన బ్రానెమార్క్ తన మొదటి రోగికి పెట్టిన టైటానియం స్క్రూలు లేత్ మీద తిప్పినవి తిప్పినట్టే ఉండేవి. ఒకటి రెండు మైక్రాన్ల సగటు గరుకుదనం ఉంటే ఎముక ఇంకా బాగా పట్టుకుంటుందని తర్వాత తేలింది. ఎక్కువమంది ఆ గరుకును బ్లాస్టింగ్ చేసి, అంటే గట్టి రేణువులు విసిరికొట్టి, యాసిడ్‌లో ముంచి తెస్తారు. అందులో అల్యూమినా రేణువులు లోహంలో ఇరుక్కుపోయే గొడవ ఉంది, వాడిన యాసిడ్‌ను వదిలించుకునే తలనొప్పి ఉంది. లేజర్‌కి ఈ రెండూ లేవు. పైగా కావాల్సిన చోటే కొట్టి, కాలర్ (ఇంప్లాంట్ పై అంచు) దగ్గర ఆపేయొచ్చు.

మా మెషిన్ 20 వాట్ల పల్స్‌డ్ ఫైబర్ లేజర్. తరంగదైర్ఘ్యం 1064 నానోమీటర్లు, పల్స్ సుమారు 100 నానోసెకన్లు. 20 కిలోహెర్ట్జ్ దగ్గర నడిపితే పల్స్‌కి 1 మిల్లీజౌల్ వస్తుంది. అది 50 మైక్రాన్ల చుక్క మీద పడితే చదరపు సెంటీమీటరుకు 50 జౌళ్ల దాకా లెక్క తేలుతుంది. టైటానియం అక్కడికక్కడే కరిగి, కొంత ఆవిరై, కొంత అంచులకు ఎగజిమ్మి గట్టిపడుతుంది. మైక్రాన్ల స్థాయి గుట్టలు, వాటి మీద నానోమీటర్ల స్థాయి ఆక్సైడ్ రేణువులు మిగులుతాయి. ఆర్గాన్ ఊదుతూ కొడతాం కాబట్టి బంగారు, నీలం రంగులు పెద్దగా రావు, బూడిదరంగు వస్తుంది.

మెషిన్ నుంచి తీసిన వెంటనే ఆ ఉపరితలం మీద నీటిబొట్టు నిలవదు. చుక్క పడడం, పరుచుకుపోవడం ఒకేసారి జరుగుతాయి. బొట్టు అంచు ఉపరితలంతో చేసే కోణాన్ని కాంటాక్ట్ యాంగిల్ అంటారు, అది ఎంత తక్కువైతే నీరు అంత పరుచుకున్నట్టు. ఇక్కడ అది 10 డిగ్రీల లోపే ఉంటుంది. రక్తం ఉపరితలాన్ని త్వరగా తడిపితే మొదటి వారాల్లో గాయం మానడానికి మేలన్న లెక్కతో పార్టీ తన స్పెసిఫికేషన్‌లో 20 డిగ్రీల లోపు ఉండాలని రాసుకుంది. కరపత్రంలో ‘సూపర్ హైడ్రోఫిలిక్’ (నీటిని విపరీతంగా ఇష్టపడేది) అని అచ్చు వేయించుకుంది. ఆ కోణం ఎప్పుడు కొలవాలో మాత్రం ఏ కాగితంలోనూ లేదు.

ఫిర్యాదు

స్టెరిలైజ్ అయి వచ్చిన లాట్‌లో కొన్ని ప్యాకెట్లు తెరిచి చూస్తే కోణం 100 డిగ్రీలు దాటింది. “తామరాకు మీద బొట్టులా నిలబడుతోంది సార్” అన్నారు వాళ్ల క్వాలిటీ మేడమ్ ఫోన్‌లో. “మీ లేజర్ పవర్ పడిపోయినట్టుంది. ఈసారి రెండు పాస్‌లు వేసి, అంటే లేజర్ రెండుసార్లు కొట్టి పంపండి.” డెలివరీ తేదీలు దగ్గర పడ్డాయి, అవతల డాక్టర్ల ఆర్డర్లు ఆగాయి. వాళ్ల టెన్షన్ అర్థం కానిది కాదు.

మొదట కొలతను అనుమానించాను. నాలుగు మిల్లీమీటర్ల వ్యాసంలో, అదీ థ్రెడ్లున్న ముక్క మీద బొట్టు కోణం కొలవడం దాదాపు అసాధ్యం. అందుకే ప్రతి లాట్‌తో అదే రాడ్ నుంచి కోసిన చదును నమూనా ముక్కలు, అంటే కూపన్లు కూడా కొట్టి పంపుతాం. ఆ కూపన్లనూ, కొన్ని ఇంప్లాంట్లనూ వాళ్ల ప్యాకింగ్ విప్పకుండా వెనక్కి తెప్పించి బొట్టు కోణం కొలిచే మా గోనియోమీటర్ మీద పెట్టాను. మాకూ 100 పైనే వచ్చింది. కొలత సరైనదే.

తర్వాత ఆకారం. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద అవే గుట్టలు, అవే లోయలు. గరుకు కొలిచే ప్రొఫైలోమీటర్‌లో సగటు గరుకుదనం మా దగ్గర డిస్పాచ్‌నాడు రాసుకున్నదానికి సరిపోయింది. ఫోకస్ జరిగినా, పవర్ పడిపోయినా మొదట తెలిసేది ఇక్కడే. అదే సెట్టింగుతో కొత్త కూపన్ కొడితే నీరు మునుపటిలాగే పరుచుకుపోయింది.

అసలు దారి చూపించింది పార్టీకి పంపకుండా మా బీరువాలో ఉంచుకున్న రిటెయిన్డ్ కూపన్లు. అదే లాట్, అదే రోజు, అదే మెషిన్. వాటి కోణమూ పెరిగింది గానీ 60 డిగ్రీల చుట్టుపక్కల ఆగింది. లేజర్ దగ్గర ఒకేలా ఉన్న రెండు ముక్కలు రెండు చోట్ల రెండు రకాలుగా మారాయంటే, మార్పు లేజర్ తర్వాత జరిగిందనే అర్థం. కనపడే ఆకారం అలాగే ఉంది కాబట్టి, మారింది పైనున్న కొద్ది నానోమీటర్లే అయి ఉండాలి.

వానాకాలం తేమ వల్లేమో అని పార్టీ వైపు ఒకాయన అన్నారు. తేమ వల్ల ఆక్సైడ్ మీద నీరు, హైడ్రాక్సిల్ గుంపులు చేరతాయి. వాటివల్ల ఉపరితలం నీటిని మరింత ఇష్టపడాలి, తోసెయ్యకూడదు. ఆ అనుమానం మీద టైమ్ పెట్టలేదు.

రెండు పాస్‌ల సంగతి

రెండు పాస్‌లు వేయమన్న మాటను నేను కాదనలేదు. కాకపోతే మొత్తం లాట్‌కు కాకుండా, కొద్ది కూపన్లకు, రోగికి వెళ్లని కొద్ది ఇంప్లాంట్లకు మాత్రమే రెండో పాస్ వేశాం. ఇందులో నాకో లెక్క ఉంది. సమస్య గరుకు చాలకపోవడమైతే రెండో పాస్‌తో నయమవ్వాలి. సమస్య పైపొర రసాయనానిదైతే, గరుకు పెరిగేకొద్దీ ఇంకా చెడిపోవాలి. 1936లో వెంజెల్ రాసిన సంబంధం చెప్పేది ఇదే: ఉపరితలం సహజంగా నీటిని ఇష్టపడితే గరుకు ఆ ఇష్టాన్ని పెంచుతుంది, ఇష్టపడకపోతే ఆ అయిష్టాన్ని పెంచుతుంది. లోయల్లో గాలి చిక్కుకుంటే బొట్టు మరీ పైకి లేస్తుంది. రెండు ఫలితాల్లో ఏది వచ్చినా మాకు ఏదో ఒకటి తెలుస్తుంది.

కొట్టిన రోజు ఆ కూపన్ల మీద నీరు కంటికి కనిపించేలోపే మాయమైంది. పార్టీ వాళ్లు సంతోషపడ్డారు. వాళ్ల పౌచుల్లో కొన్ని వారాలు పెట్టి తీసేసరికి ఒక పాస్ వేసినవాటికన్నా రెండు పాస్‌లవే ఎక్కువ కోణం చూపించాయి. లేజర్ డోస్ చర్చ అక్కడితో ముగిసింది.

ఇంకో మాట. కోణం బాగుపడినా నేను రెండు పాస్‌లకు ఒప్పుకునేవాణ్ని కాదు. కరిగి గట్టిపడిన పొర మందమయ్యేకొద్దీ అందులో సన్నని పగుళ్లు, లాగుడు ఒత్తిడి పెరుగుతాయి. 3.5 మిల్లీమీటర్ల ఇంప్లాంట్‌లో, లోపల అబట్‌మెంట్ (పైన పన్ను కూర్చునే భాగం) స్క్రూ కోసం బోలు చేశాక గోడ పల్చగా మిగులుతుంది. నమిలే ప్రతిసారీ దాని మీద లోడ్ పడుతుంది. థ్రెడ్ అడుగున పగులుకు చోటిచ్చి, పైన నీరు బాగా పరుచుకుంటోందని మురిసిపోతే లాభం లేదు.

ఎక్కడ పెడితే ఎంత మారుతోంది

ఒకే సిటింగ్‌లో కూపన్లు కొట్టి భాగాలు చేశాం. కొన్ని శుద్ధమైన నీళ్లలో, కొన్ని బాగా కడిగిన గాజు సీసాలో అల్యూమినియం ఫాయిల్ మూతతో, కొన్ని షాపులో బల్ల మీద మూత లేకుండా, కొన్ని పార్టీ వాడే పాలిథీన్ పౌచుల్లో. వాక్యూమ్ సీల్ చేసిన పౌచుల గుంపు కూడా పెట్టమని పార్టీ ప్యాకింగ్ ఇంజినీరు అడిగారు. గాలి తగలకపోతే మార్పు ఆగాలన్నది ఆయన వాదన. వినడానికి సబబుగానే ఉంది.

నీళ్లలో ఉన్నవి చివరిదాకా అలాగే నిలిచాయి. గాజు సీసావి నెమ్మదిగా మారాయి. బల్ల మీదివి మధ్యలో ఉన్నాయి. పాలిథీన్ పౌచువి అన్నిటికన్నా వేగంగా చెడ్డాయి, వాటిలోనూ వాక్యూమ్ వేసినవి ముందు చెడ్డాయి. బల్ల మీద దుమ్ములో పడి ఉన్న ముక్క సీల్ చేసిన ప్యాకెట్‌లోని ముక్క కన్నా మెరుగ్గా ఉంటుందని పార్టీలో ఎవరూ ఊహించలేదు.

కారణం ఇది. తాజాగా లేజర్ కొట్టిన టైటానియం ఆక్సైడ్‌కి ఉపరితల శక్తి ఎక్కువ. చుట్టుపక్కల ఏ హైడ్రోకార్బన్ ఆవిరి దొరికినా పట్టుకుని శాంతిస్తుంది. మామూలు గాలిలో అవి కొద్దిగా ఉంటాయి. పాలిథీన్ ఫిల్మ్‌లో మాత్రం దండిగా ఉంటాయి. ఫిల్మ్ పొరలు ఒకదాని మీద ఒకటి సులువుగా జారడానికి ఎరుకమైడ్ లాంటి స్లిప్ ఏజెంట్లు కలుపుతారు, అవి నెమ్మదిగా ఫిల్మ్ పైకి ఊరుతూనే ఉంటాయి. వాక్యూమ్ వేస్తే ఫిల్మ్ వచ్చి లోహానికి హత్తుకుంటుంది. ఫిల్మ్ నుంచి వచ్చే ఆవిరికి అడ్డు తగ్గుతుంది. ఆయిల్ పంపుతో వాక్యూమ్ లాగితే పంపు ఆయిల్ ఆవిరి కూడా తోడవ్వొచ్చు. గాలిని బయటికి పంపామనుకుంటూ నూనెను దగ్గరికి తెచ్చుకున్నట్టయింది.

ఇది అనుమానంగానే మిగలకూడదని ఎక్స్‌పీఎస్ పరీక్షకు పంపాం. ఆ పరీక్ష పైనున్న కొద్ది నానోమీటర్ల పొరలో ఏ మూలకాలున్నాయో చెబుతుంది. ఖరీదైనది కాబట్టి మూడు రకాలే ఎంచుకున్నాను: అప్పుడే కొట్టినది, పౌచులో పాతబడినది, నీళ్లలో ఉంచినది. పౌచు ముక్కలో కార్బన్ వాటా తాజా ముక్కకు రెట్టింపు దాటింది, టైటానియం సిగ్నల్ ఆ మేరకు మసకబారింది. కార్బన్‌లో ఎక్కువ భాగం హైడ్రోకార్బన్ రూపంలోనే ఉంది. నాకు అంతే ముఖ్యమైన ఇంకో ఫలితం, సిలికాన్ మూలకం జాడ లేకపోవడం. అది కనబడి ఉంటే సిలికోన్ స్ప్రే, గ్రీజు, గ్లవ్స్ వెంట పడాల్సి వచ్చేది. ఒక దారి మూసుకుపోయిందని తెలియడం కూడా డబ్బు మిగిలినట్టే.

ఆ తర్వాత పార్టీ ప్లాంట్‌కు వెళ్లి, లేజర్ అయిన ఇంప్లాంట్ నడిచే దారంతా చూశాను. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో అల్ట్రాసోనిక్, ఆపైన 100 డిగ్రీలకు అటూ ఇటూ వేడి ఓవెన్‌లో ఆరబెట్టడం, ఆపైన పౌచు. అదే ఓవెన్‌లో ప్లాస్టిక్ ట్రేలు కూడా ఆరబెడతారు. తలుపు తెరవగానే వాసన ముక్కుకు తగిలింది. ఆ గది పక్కనే లేత్‌ల హాలు, అక్కడ స్లైడింగ్ హెడ్ మెషిన్లు నీళ్లు కలపని కటింగ్ ఆయిల్‌తో నడుస్తాయి, ఆయిల్ పొగ ఎప్పుడూ ఉంటుంది. లేజర్ టైటానియాన్ని నీరు అంటని ఉపరితలంగా మార్చాలనుకునేవాళ్లు ల్యాబుల్లో కావాలనే 100 డిగ్రీల దగ్గర వేడి చేస్తారు, మార్పు తొందరగా రావడానికి. అదే పని ఇక్కడ ఆరబెట్టడం పేరుతో జరుగుతోంది.

పనికిరానివి

మళ్లీ ఆల్కహాల్‌తో కడిగితే సరిపోతుందేమోనని పార్టీ ప్రయత్నించింది. వేలిముద్రలు, కటింగ్ ఆయిల్ పోయాయి గానీ, ఆక్సైడ్‌ను పట్టుకున్న పల్చటి పొర పోలేదు. ఆల్కహాల్ ఆరాక దాని సొంత మిగులు కొంత ఉంటుంది. 400 డిగ్రీల దగ్గర కాల్చితే కార్బన్ పోయింది, కోణం పడిపోయింది, దాంతోపాటు ఆక్సైడ్ మందమై రంగు తేలింది. రంగు తేడా ఉన్న ఇంప్లాంట్‌ను డాక్టర్ అనుమానంగా చూస్తాడు. అదీగాక తిరిగి అదే పౌచులోకి వెళ్తే కథ మళ్లీ మొదలు. ఆక్సిజన్ ప్లాస్మాదీ ఇదే పరిస్థితి: ఫలితం చక్కగా ఉంది, పౌచులో నిలవలేదు. దీంతో మాకు ఒకటి స్పష్టమైంది. శుభ్రం చేసే పద్ధతి ఏదైనా సరే, అది చివరి అడుగుగా ఉండాలి, దాని వెంటనే పడే ప్యాకింగ్ కార్బన్ వదలనిదై ఉండాలి. రెండింట్లో ఒకటి చేసి లాభం లేదు.

పనిచేసింది

ఉన్నవాటిలో పక్కాగా పనిచేసేది తడి నిల్వ: నైట్రోజన్ కింద కడిగి, సెలైన్‌లో ఉంచి, గాజులో సీల్ చేయడం. ఒక పెద్ద అంతర్జాతీయ బ్రాండు ఈ పద్ధతిలో చాలా ఏళ్లుగా ఇంప్లాంట్లు అమ్ముతోంది. పార్టీ దాన్ని గట్టిగానే పరిశీలించింది. కానీ ద్రవంతో ప్యాకింగ్ అంటే లీకేజీ, ద్రవం నాణ్యత, క్రిములు చేరకుండా ప్యాకింగ్ ఆపుతుందని కొత్తగా నిరూపించడం (స్టెరైల్ బారియర్ వ్యాలిడేషన్), రెగ్యులేటరీ ఫైల్‌లో పెద్ద మార్పు. వాళ్ల సైజు కంపెనీకి అది మోయలేని బరువు. పొడి ప్యాకింగ్‌లోనే ఎంత దూరం వెళ్లగలమో చూద్దామనుకున్నాం.

కడగడంలో ఆల్కహాల్‌ను చివర నుంచి తీసేసి ముందుకు జరిపాం. క్షార డిటర్జెంట్, ఆపైన శుద్ధ నీటితో పలుసార్లు రిన్స్, ఫిల్టర్ చేసిన నైట్రోజన్‌తో ఆరబెట్టడం. ఓవెన్ మానేశారు. అసలు మార్పు యూవీ స్టెప్. టైటానియం డయాక్సైడ్ మీద అతినీలలోహిత కాంతి పడితే దాని మీదున్న సేంద్రియ పొర విచ్ఛిన్నమవుతుంది, ఉపరితలం నీటిని పూర్తిగా ఇష్టపడే స్థితికి వస్తుంది. జపాన్ పరిశోధకులు 1997లో దీన్ని ప్రచురించారు. 185, 254 నానోమీటర్ల కాంతి ఇచ్చే ల్యాంప్ ఎంచుకున్నాం. మొదటిది ఓజోన్ పుట్టిస్తుంది, రెండోది ఆ ఓజోన్‌తో కలిసి కార్బన్‌ను తినేస్తుంది.

యూవీ బాక్సు ఎక్కడ పెట్టాలన్నదాని మీద ఎక్కువ వాదన జరిగింది. మా దగ్గర పెడితే పార్టీకి ఖర్చు తక్కువ. కానీ మా దగ్గర నుంచి వాళ్ల ప్యాకింగ్ టేబుల్ చేరేసరికి మధ్యలో కడగడం ఉంది, ట్రాన్స్‌పోర్ట్ ఉంది, నిల్వ ఉంది. అందుకే అది వాళ్ల క్లీన్‌రూమ్‌లో, ప్యాకింగ్ మూసే చోటికి పక్కనే ఉండాలని పట్టుబట్టాను. మాకు ఆ జాబ్‌వర్క్ ఆదాయం పోయింది. ఫర్వాలేదు.

కాంతి సూటిగా పోతుంది కాబట్టి థ్రెడ్ కింది వైపు నీడ పడుతుంది. ఓజోన్ అక్కడికీ చేరుతుంది గానీ నెమ్మదిగా. ఇంప్లాంట్‌ను తిప్పే ఫిక్స్చర్ చేసి, చుట్టూ అల్యూమినియం రిఫ్లెక్టర్ పెట్టాం. ఇక్కడ కూపన్ కొలత పనికిరాదు, చదును ముక్కకు నీడే ఉండదు. అందుకే ఇంప్లాంట్ కొసను రంగు కలిపిన సెలైన్‌లో తాకించి, ద్రవం థ్రెడ్ల వెంట ఎంత పైకి ఎంత వేగంగా పాకుతుందో వీడియో తీసి చూడడం మొదలుపెట్టాం. మొదటి ఫిక్స్చర్‌లో ద్రవం ఒక వైపు ఎక్కి రెండో వైపు ఆగిపోయింది. గోనియోమీటర్ ఆ తేడాను ఎప్పటికీ చూపించేది కాదు.

ప్యాకింగ్‌కు గాజు వయల్ (చిన్న సీసా), లోపల ఇంప్లాంట్‌ను పట్టుకోవడానికి టైటానియం స్లీవ్. లేజర్ కొట్టిన భాగం దేనికీ తగలకూడదు. మూత లోపలి లైనర్ దగ్గర కాసేపు ఆగాం. టెఫ్లాన్ పెడదామని ఒకరు అన్నారు. రసాయనికంగా అంత స్థిరమైన ప్లాస్టిక్ ఇంకోటి దాదాపు లేదు, నిజమే. కానీ స్టెరిలైజేషన్‌కు ఇచ్చే 25 కిలోగ్రే గామా డోసుకు టెఫ్లాన్ తట్టుకోదు, గొలుసులు తెగి పెళుసుబారుతుంది. చివరికి లోపలి ముఖాన అల్యూమినియం ఫాయిల్ ఉన్న లైనర్ తీసుకున్నాం. గామా తర్వాత గాజు గోధుమ రంగుకు తిరిగింది. మార్కెటింగ్ వాళ్లు కంగారుపడ్డారు. రేడియేషన్ తగిలిన మామూలు గాజుకు అది సహజం, లోపలి ఇంప్లాంట్‌కు ఏమీ కాదు. రంగు వద్దనుకుంటే సీరియం కలిపిన గాజు దొరుకుతుంది, ధర ఎక్కువ. వాళ్లు గోధుమరంగుకే సర్దుకున్నారు.

ఫలితం సున్నా డిగ్రీలు కాదు. స్టెరిలైజేషన్ అయి, నెలలు గడిచాక తెరిచిన వయల్స్‌లో కూపన్ల కోణం 30 డిగ్రీల చుట్టూ ఉంటోంది, సెలైన్ థ్రెడ్ల వెంట చివరిదాకా ఎక్కుతోంది. పాత 20 డిగ్రీల పరిమితి ప్రకారం ఇది కూడా ఫెయిలే. పార్టీతో కూర్చుని స్పెసిఫికేషన్‌ను విడగొట్టాం. లేజర్ అయిన రోజు మా దగ్గర కొలిచే కోణానికి ఒక పరిమితి, అది మెషిన్ సరిగ్గా నడిచిందో లేదో చెప్పడానికి మాత్రమే. స్టెరిలైజ్ అయిన ప్యాకెట్ తెరిచినప్పుడు కొలిచేదానికి వేరే పరిమితి, అది డాక్టర్ చేతికి వెళ్లే సరుకు గురించి. కరపత్రంలోంచి ‘సూపర్’ తీసేయమని నేను చెప్పాను. కొంత బేరం జరిగింది, తీసేశారు.

షెల్ఫ్ లైఫ్ దగ్గర ఒక జాగ్రత్త. ప్యాకేజింగ్ వాళ్లు అలవాటుగా 55 డిగ్రీల దగ్గర పెట్టి, ప్రతి 10 డిగ్రీలకు వేగం రెట్టింపు అనే లెక్కతో ఏళ్లను వారాల్లోకి కుదిస్తారు. సీలు, ఫిల్మ్ బలం లాంటివాటికి ఆ పద్ధతి ఉద్దేశించింది. మన సమస్యలో ఆవిరి వదిలే వస్తువు ఒకటి, దాన్ని పట్టుకునే ఉపరితలం ఇంకొకటి. వేడి చేస్తే రెండూ మారతాయి, ఒకే నిష్పత్తిలో మారవు. అందుకే సీలు కోసం ఆ పరీక్ష ఉంచి, తడితనం విషయంలో రియల్ టైమ్ నిల్వ కూపన్లనే ప్రమాణంగా పెట్టుకోమన్నాం. మూడు నెలలకోసారి కొన్ని వయల్స్ తెరిచి చూస్తున్నారు. లేబుల్ మీది గడువు తేదీని ఆ ఫలితాలు అనుమతించిన మేరకే పొడిగిస్తున్నారు.

మా వైపు మారింది రెండు విషయాల్లో. పాలిథీన్‌లో డిస్పాచ్ మానేసి, ఫాయిల్ మూత వేసిన గాజు జార్లలో పంపుతున్నాం. కొత్త పార్టీ ఎవరు వచ్చినా కొటేషన్ ఇచ్చే ముందే, లేజర్ తర్వాత ముక్క దేనిలో ఆరుతుంది, దేనిలో కూర్చుంటుంది, కాంటాక్ట్ యాంగిల్ ఎవరు ఏ రోజున కొలుస్తారు అని రాతపూర్వకంగా అడుగుతున్నాం. ఆ గడులు ఖాళీగా వదిలి పంపిన ఫారాలను వెనక్కి పంపిస్తున్నాం.